స్థలం కొనే ముందు, ప్లాను పెట్టే ముందు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరద ముంపు అంచనాపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రెండు జిల్లాల్లో ఇళ్ల స్థలాలకు, లేఅవుట్లకు లెవెల్స్ తీసి, అంటే నేల ఎత్తుపల్లాలు కొలిచి, ముంపు అంచనాలు రాయడం నా వృత్తి. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది అడ్వాన్సు ఇచ్చేశాకే వస్తారు. గజం ధర తెలుసు, రోడ్డు ఎన్ని అడుగులో తెలుసు, వాస్తు కూడా చూపించుకుని ఉంటారు. ఆ నేల పక్క రోడ్డు కన్నా ఎంత పల్లంలో ఉందో మాత్రం ఎవరూ చూసి ఉండరు. వారు అడిగే ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట చేర్చాను.

వరద ముంపు అంచనా అంటే ఏమిటి?

మీ స్థలానికి నీరు ఏ దారిలో వస్తుంది, ఎంత ఎత్తున నిలుస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఎటు పోతుంది అన్న నాలుగు ప్రశ్నలకు కొలతలతో ఇచ్చే జవాబు. మీరు కట్టబోయే కట్టడం వల్ల ఇరుగుపొరుగు మీద పడే నీరు ఎంత అన్నది ఐదో ప్రశ్న. దానికి జవాబు లేని నివేదికను నేను సగం నివేదికగానే చూస్తాను.

నది మా స్థలానికి చాలా దూరం. మాకు ఇది అవసరమా?

ఈ ప్రాంతంలో నీరు మూడు రకాలుగా వస్తుంది. మొదటిది నది పొంగు. నాగావళి, వంశధార రెండూ ఒడిశాలోని కలహండి జిల్లాలో పుట్టినవే. రాయగడ వైపు కుండపోత పడితే శ్రీకాకుళంలో ఎండ కాస్తుండగానే నాగావళి నిండుగా వస్తుంది. గుణుపురం, కాశీనగరం వైపు వానలు హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తిస్తాయి. బ్యారేజీ ఉంది కాబట్టి వరద ఆగుతుందని చాలామంది అనుకుంటారు. బ్యారేజీ నీటిని కాలువలకు మళ్లించే కట్టడం, పెద్ద వరదను దాచుకునే జలాశయం కాదు. వచ్చిన వరదను వచ్చినట్టే కిందికి వదలాలి.

రెండోది గెడ్డలు (చిన్న వాగులు), చెరువుల నీరు. విజయనగరం వైపు ముంపులో ఎక్కువ భాగం ఇదే. చెరువు నిండి అలుగు పారుతుంది, ఆ నీరు గెడ్డలో పడి కింది చెరువుకు చేరాలి. మధ్యలో గెడ్డను పూడ్చి ఇళ్లు కడితే నీరు తన పాత దారిలోనే ఆ ఇళ్లలోకి వస్తుంది. మూడోది సముద్రం. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే మొగ, కోనాడ దగ్గర చంపావతి మొగ వంటి చోట్ల తుపాను రోజున పోటు నీరు నదిని వెనక్కి నెడుతుంది. పై నుంచి వరద, కింది నుంచి పోటు ఒకేసారి వస్తే మొగకు దగ్గరి ఊళ్లలో నీరు తీయడానికి చాలా సమయం పడుతుంది.

కాబట్టి నది దూరం ఒక్కటే చూస్తే చాలదు. నదికి రెండు కిలోమీటర్ల దూరంలో, గెడ్డకు ఇరవై అడుగుల దూరంలో ఉన్న స్థలాలు నేను ఎన్నో చూశాను.

ప్లాన్ అప్రూవల్‌కు ఇది తప్పనిసరా?

మామూలు ఇంటి స్థలానికి వరద నివేదిక పెట్టమని సాధారణంగా అడగరు. నీటి వనరు పక్కన ఉంటే అడిగేది జలవనరుల శాఖ, రెవెన్యూ శాఖల నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉండే ప్రాజెక్టులకు 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాలి. అక్కడ వాననీటి పారుదల, ముంపు వివరాలు ఇవ్వక తప్పదు. లేఅవుట్లకు ఈ రెండింటి మధ్య స్థితి: నిబంధనల్లో పేరు పెట్టి అడిగినా అడగకపోయినా, సాంకేతిక పరిశీలనకు వచ్చే అధికారి మురుగు కాలువల డిజైను చూస్తారు. లెవెల్స్ లేకుండా ఆ డిజైను గీయలేరు.

అడగరు కాబట్టి అక్కర్లేదని అనుకోవద్దని నా విన్నపం. కార్యాలయం చూసేది మీ స్థలం నియమాలకు లోబడి ఉందా అని. రాత్రి పన్నెండు గంటలకు వంటింట్లోకి నీరు వస్తుందా అన్నది మీరే చూసుకోవాలి.

ఎక్కడ దరఖాస్తు చేయాలి?

శ్రీకాకుళం, విజయనగరం నగరాల్లో నగరపాలక సంస్థకు. వాటి బయట స్థలం ఏ పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందో చూసుకోవాలి. శ్రీకాకుళం వైపు శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ (సుడా) ఉంది. విజయనగరం వైపు కొంత భాగం విశాఖ మహానగర సంస్థ పరిధిలో, కొంత భాగం బొబ్బిలి పట్టణాభివృద్ధి సంస్థ (బుడా) పరిధిలో ఉంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడి ద్వారా, అంటే అందరూ ఎల్‌టీపీ అనే వ్యక్తి ద్వారా వెళ్తుంది.

నీటి వనరుల నుంచి ఎంత దూరం వదలాలి?

2017 ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాల ప్రకారం నది, గెడ్డ గర్భంలోనూ, చెరువు పూర్తి నీటిమట్టం లోపలా ఏ నిర్మాణమూ కూడదు. ఆ హద్దు దాటాక కూడా కొంత మేర పచ్చగా వదలాలి. నది సరిహద్దు నుంచి పట్టణ పరిధిలో 50 మీటర్లు, పట్టణం బయట 100 మీటర్లు. పది హెక్టార్లు, ఆపైన విస్తీర్ణం ఉన్న చెరువు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువు, కుంటల నుంచి 9 మీటర్లు. కాలువ, వాగు, గెడ్డ పది మీటర్ల కన్నా వెడల్పుగా ఉంటే 9 మీటర్లు, పది మీటర్ల లోపు ఉంటే 2 మీటర్లు. నియమాలకు సవరణలు వస్తుంటాయి. మీరు దరఖాస్తు పెట్టే రోజున అమలులో ఉన్నవాటినే మీ ఎల్‌టీపీతో సరిచూసుకోండి.

ఆ 2 మీటర్ల దగ్గర ఒక మాట. వేసవిలో చూస్తే గెడ్డ ఆరడుగుల గుంతలా కనిపిస్తుంది. రెవెన్యూ పటంలో అదే గెడ్డ ముప్ఫై, నలభై అడుగుల వెడల్పు ఉండవచ్చు. లెక్క పటంలోని వెడల్పుకే.

సరిహద్దు ఎవరు తేలుస్తారు? మా పక్క చెరువు పదేళ్లుగా ఎండిపోయి ఉంది కదా?

నది సరిహద్దును జలవనరుల శాఖ, రెవెన్యూ శాఖ ధ్రువీకరించాలి. అమ్మేవారు పాతిన రాయి, లేఅవుట్ బ్రోచరులో గీసిన నీలి గీత దీనికి పనికిరావు. ఎండిన చెరువు కూడా రికార్డులో చెరువే. పదేళ్లు నిండనిది ఒక్క తుపానుకు నిండుతుంది.

రికార్డులు చూసేటప్పుడు మన జిల్లాల సంగతి ఒకటి గుర్తుంచుకోవాలి. ఇక్కడి గ్రామాలు చాలావరకు ఒకప్పటి జమీందారీ గ్రామాలు. అందుకే భూమి అసలు స్వభావం తెలియాలంటే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే జమీందారీ రద్దయినప్పటి భూమి రికార్డు, అడగాలి. ఇప్పటి అడంగల్‌లో జిరాయితీ (సొంత పట్టా భూమి) అని ఉన్నది అందులో చెరువు గర్భమనో, గెడ్డ పోరంబోకు అనో ఉంటే అక్కడే ఆగిపోండి. గ్రామ నక్షా, సర్వే నంబరు కొలతలు చూపే ఎఫ్‌ఎంబీ పటం కూడా తీయించండి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ కింద ఉన్న నిషేధిత భూముల జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి. వీటికి అయ్యే ఖర్చు ఒక గజం ధరకు మించదు.

ఎన్‌ఓసీ ఉంటే ఇక మునగనట్టేనా?

కాదు. మీ స్థలం నీటి వనరు హద్దులో లేదని చెప్పే కాగితం అది. వరద ఆ హద్దు దగ్గర ఆగుతుందని అందులో ఎవరూ రాయరు.

కరకట్ట ఉంది. దాని వెనుక స్థలం భద్రమే కదా?

నది నీటి నుంచి కొంతవరకు. అయితే నది నిండుగా ఉన్నప్పుడు కట్టలోని తూముల తలుపులు మూసేస్తారు. ఆ సమయంలో కట్ట వెనుక కురిసిన వాన నదిలోకి పోలేక అక్కడే నిలుస్తుంది. కట్ట పక్కనే ఉన్న పల్లపు స్థలాలకు ఇదే అసలు ముంపు. తూము ఎక్కడ ఉంది, దాని తలుపు పనిచేస్తుందా అన్నది వెళ్లి చూడండి.

వందేళ్ల వరద అంటే వందేళ్లకు ఒకసారి వచ్చేదా?

ఈ మాట ఎంతోమందిని తప్పుదారి పట్టించింది. ఏ సంవత్సరంలోనైనా అంతటి వరద వచ్చే అవకాశం నూటికి ఒకటి అని దాని అర్థం. గృహ రుణం ముప్ఫై ఏళ్లు కడతారనుకోండి. ఆ ముప్ఫై ఏళ్లలో అది కనీసం ఒకసారి రావడానికి అవకాశం 26 శాతం. యాభై ఏళ్ల వరదకైతే 45 శాతం, పాతికేళ్ల వరదకైతే 71 శాతం. అంటే పాతికేళ్ల వరద మీ ఇంటికి రుణం తీరేలోపు వస్తుందనే అనుకుని కట్టాలి.

కేంద్ర జల సంఘం 1975లో వరద మైదానాల వినియోగంపై రాష్ట్రాలకు పంపిన నమూనా బిల్లుతో పాటు వచ్చిన ప్రమాణాల్లో ఆసుపత్రులు, విద్యుత్ కేంద్రాల వంటివి వందేళ్ల వరద మట్టానికి పైన ఉండాలని, నివాసాలు పాతికేళ్ల వరద మట్టానికి పైన ఉండాలని ఉంది. నేను ఇళ్లకు కూడా యాభై ఏళ్ల మట్టమే అడుగుతాను. ఇల్లు ఒక్కసారే కడతాం.

అంచనా ఎలా తయారవుతుంది?

ముందు లెవెల్స్. సమీపంలో సముద్రమట్టంతో ముడిపడిన బెంచ్‌మార్కు (ఎత్తు తెలిసిన స్థిర గుర్తు) నుంచి ఎత్తు తెచ్చుకుని స్థలంలో, రోడ్డు మీద, గెడ్డ అడుగున, కల్వర్టు నోటి దగ్గర, దిగువన కనీసం అర కిలోమీటరు వరకు కొలతలు తీయాలి. స్థలం నాలుగు మూలలు మాత్రమే కొలిచి ఇచ్చిన నివేదికను తీసుకోవద్దు. నీరు మీ దగ్గర నిలవడానికి కారణం చాలాసార్లు మీ స్థలంలో ఉండదు. దిగువన పూడిపోయిన కల్వర్టులో ఉంటుంది.

తరువాత వాన లెక్క. మహానది, గోదావరి మధ్య తీరానికి కేంద్ర జల సంఘం వరద అంచనా నివేదిక ఇచ్చింది. మనం ఎగువ తూర్పు తీరం, 4ఏ ఉపమండలంలోకి వస్తాం. గెడ్డల మీద వచ్చే ప్రవాహానికి అందులోని పద్ధతి, పాతిక, యాభై, వందేళ్ల వాన పటాలు వాడతాం. చిన్న లేఅవుట్లకు మామూలు సూత్రం చాలు. ఆ ప్రవాహం గెడ్డలో ఎంత ఎత్తున పారుతుందో హెక్‌-రాస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తాం. తెరమీద రంగురంగుల పటం చక్కగానే వస్తుంది. కింద ఇచ్చిన లెవెల్స్ తప్పయితే ఆ పటమంతా తప్పే. అందుకే పటం చూసే ముందు లెవెల్ పుస్తకం అడగండి.

ఊళ్లో పెద్దలు చెప్పే మాటకు విలువ ఉందా?

చాలా ఉంది. నా పనిలో సగం అదే.

నాగావళి ఒడ్డున ఒక ఊళ్లో లెవెల్ మిషన్ పెట్టి నిలబడ్డాను. పక్కింటి వసారాలో చేట పట్టుకుని బియ్యం చెరుగుతున్న ఒక పెద్దావిడ, "ఏం కొలుస్తున్నావు నాయనా?" అని అడిగారు. నీరు ఎంతవరకు వచ్చిందో చూస్తున్నానమ్మా అన్నాను. ఆవిడ చేట దించి, లోపలికి తీసుకెళ్లి తలుపు రెక్కను పక్కకు లాగారు. తలుపు చాటున, సున్నం తగలని చోట, చెక్క ద్వారబంధం మీద బూడిద రంగు గీత ఒకటి ఉంది. వేలితో రుద్దితే సన్నటి ఒండ్రు పొడిలా రాలింది. "ఇల్లంతా నాలుగుసార్లు సున్నం వేయించాం, ఇక్కడ మాత్రం వేయనివ్వలేదు" అన్నారు ఆవిడ. ఆ గీత దగ్గర స్టాఫ్ (కొలత కర్ర) పెట్టి చూస్తే వీధి మట్టానికి 84 సెంటీమీటర్ల పైన ఉంది. నా లెక్క చెప్పిన మట్టానికి, ఆ గీతకు తేడా నాలుగు వేళ్లు. ఆ రోజు లెక్క మీద నాకు నమ్మకం ఆ ద్వారబంధం వల్లనే కలిగింది.

పెద్దలను అడిగేటప్పుడు తేదీ అడగవద్దు, పండుగ అడగండి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను శరన్నవరాత్రులు మొదలైన మర్నాడే వచ్చింది కాబట్టి దాన్ని ఎవరూ మరచిపోలేదు. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ దీపావళి ముందు వచ్చింది. 2021 సెప్టెంబరు 26 రాత్రి కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ నాటి నీటి గుర్తులు ఇంకా కొన్ని ప్రహరీల మీద కనిపిస్తాయి. ఒకే ఇంటివారి మాట కాకుండా కనీసం ముగ్గురిని విడివిడిగా అడిగి, చూపిన గుర్తులన్నీ కొలిచి రాసుకోవాలి. అమ్మే మనిషిని వెంటబెట్టుకుని అడిగితే నిజం రాదు.

ఉపగ్రహ పటాలు ఉచితంగా దొరుకుతున్నాయి. అవి చాలవా?

మొదటి చూపుకు బాగుంటాయి. ఇస్రో వారి భువన్ వెబ్‌సైట్‌లో పాత వరదల విస్తీర్ణం చూడవచ్చు. అయితే ఉచితంగా దొరికే ఎత్తు పటాల్లో తేడా మీటర్లలో ఉంటుంది. మనకు కావలసిన జవాబు అంగుళాల్లో ఉంది. తుపాను మేఘాలు కమ్మి ఉన్నప్పుడు, ఉపగ్రహం దాటిపోయాక వచ్చిన నీరు వాటిలో నమోదు కాకపోవచ్చు కూడా.

పునాది ఎంత ఎత్తు లేపాలి?

జాతీయ భవన నియమావళిలో కనీస ప్లింత్ (పునాది పీఠం) ఎత్తు చుట్టూ ఉన్న నేలకు 45 సెంటీమీటర్లు. ఇది నేల నుంచి కొలత, వరద మట్టం నుంచి కాదు. ఉదాహరణకు మీ నేల లెవెల్ 8.90 మీటర్లు, వరద మట్టం 9.60 అనుకుందాం. నేల మీద 70 సెంటీమీటర్ల నీరు నిలుస్తుంది. 45 సెంటీమీటర్ల ప్లింత్ వేస్తే ఇంట్లోకి పది అంగుళాల నీరు వస్తుంది. ఆ వరద మట్టం మీద అర మీటరు అదనంగా కలిపితే గది నేల 10.10 దగ్గర ఉండాలి, అంటే నేల నుంచి సుమారు నాలుగడుగులు. స్తంభాల మీద లేపి కింద బండ్లు పెట్టుకునే ఏర్పాటు అప్పుడే ఆలోచించండి. కరెంటు మీటరు, మోటారు స్టార్టరు, సంపు మూత, సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం కూడా ఆ మట్టానికి పైనే ఉండాలి. ఇల్లు మునగకపోయినా సంపులోకి మురుగు దిగి తాగునీరు పాడైన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

మట్టి పోసి మెరక చేసుకుంటే సరిపోదా?

రెండు వందల గజాల స్థలాన్ని నాలుగడుగులు లేపాలంటే 7,200 ఘనపుటడుగుల మట్టి కావాలి. ట్రాక్టరు తొట్టికి వంద చొప్పున డెబ్భై రెండు లోడ్లు. ఖర్చు అలా ఉంచండి, మీ స్థలం మీద నిలవాల్సిన నీరు పక్కవారి ఇంట్లోకి పోతుంది. మెరక నేల మీద పడి సహజంగా పల్లానికి పారే నీటిని కింది భూమి యజమాని పారనివ్వాలని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టమే చెబుతోంది. మట్టి పోసి ఆ దారి మూసినవారి మీద ఊళ్లో తగవులూ, కోర్టు కేసులూ నడుస్తున్నాయి. ఇల్లు కట్టే మేరకు లేపి, చుట్టూ నీటికి దారి వదలండి. ప్రహరీ కట్టినా అడుగున కంతలు వదలండి.

మేము లేఅవుట్ వేస్తున్నాం. మాకు వేరుగా ఏమైనా ఉందా?

మీ మీదే ఎక్కువ బాధ్యత ఉంది. ఇరవై ఎకరాల వరి మడులు గట్ల మధ్య నాలుగు అంగుళాల నీరు పట్టుకుంటే అది 82 లక్షల లీటర్లు. ఆ గట్లు చదును చేసిన రోజునే ఆ నిల్వ పోతుంది. పైగా నేల ఇంకించుకునే గుణం తగ్గుతుంది. గంటకు 60 మిల్లీమీటర్ల వానకు ఆ ఇరవై ఎకరాల నుంచి పొలంగా ఉన్నప్పుడు సెకనుకు సుమారు 400 లీటర్లు బయటికి వస్తే, రోడ్లు, కప్పులు వచ్చాక 950 లీటర్ల దాకా వస్తుంది. దిగువ కల్వర్టు మాత్రం పాతదే. అందుకే లేఅవుట్‌లో అన్నిటికన్నా పల్లపు మూలను పార్కుకు, నీటి కుంటకు వదలండి. సాధారణంగా ఆ మూలను చవక ప్లాట్లుగా అమ్మేస్తారు. కొన్నవారు ఎవరో ఒక చిరుద్యోగి, ఉన్నదంతా పెట్టి కొంటారు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. లేఅవుట్ గుండా పోయే గెడ్డను గొట్టాల్లోకి మళ్లించే ఆలోచన కూడా మానుకోండి. తుపాను నాడు కొట్టుకొచ్చే కొమ్మలు, గడ్డి ఒక్క గంటలో గొట్టం నోరు మూసేస్తాయి.

సముద్రం పక్కన స్థలానికి?

పోటు రేఖ నుంచి 500 మీటర్ల లోపు తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు వర్తిస్తాయి. పోటు నీరు ఎక్కే మొగలు, ఉప్పుటేరుల ఒడ్డుకూ వర్తిస్తాయి. స్థలం ఏ తరగతిలో పడిందో ఆమోదం పొందిన తీర పటంలో సర్వే నంబరు పెట్టి చూపించుకోవాలి. ఆ సంగతి తేలకుండా ముంపు అంచనాకు డబ్బు పెట్టవద్దు.

బీమా ఉంటుందా?

ఉంటుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా సంస్థలన్నీ అమ్మాల్సిన భారత్ గృహ రక్ష పాలసీలో వరద, తుపాను నష్టాలు వర్తిస్తాయి. సామాన్లకు కూడా వర్తించేలా తీసుకోండి.

స్థలం కొనేశాం. ఇప్పుడు ముంపులో ఉందని తెలిసింది. ఏం చేయాలి?

ముందు ఎంత ముంపో కొలిపించండి. రెండడుగుల ముంపుకు, ఆరడుగుల ముంపుకు ఒకే జవాబు ఉండదు. రెండు మూడడుగులైతే స్తంభాల మీద ఇల్లు లేపి హాయిగా ఉండవచ్చు. నీరు వేగంగా పారే దారిలో, లేదా ఛాతీ లోతు ముంపులో స్థలం ఉంటే అక్కడ ఇల్లు కట్టవద్దని నేను నేరుగానే చెబుతాను. కొబ్బరి మొక్కలు వేసుకోండి, తోటగా ఉంచుకోండి. అమ్మాలనుకుంటే కొనేవారికి ఈ నివేదిక చూపించే అమ్మండి. స్థలం నీటి వనరు హద్దులో ఉందని తేలితే కాగితాలన్నీ పట్టుకుని న్యాయవాదిని కలవండి. లేఅవుట్ స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదై ఉంటే అక్కడ ఫిర్యాదుకు దారి ఉంది.

అంచనా ఎప్పుడు చేయించాలి? ఎంత సమయం పడుతుంది?

ఒక ఇంటి స్థలానికి వారం, పది రోజులు చాలు. లేఅవుట్‌కు నెల పట్టవచ్చు. లెవెల్స్ తీయడానికి గెడ్డ అడుగు కనిపించే ఏప్రిల్, మే నెలలు మంచివి. కానీ స్థలం చూడటానికి మాత్రం వానాకాలంలో వెళ్లండి. పెద్ద వాన వెలిసిన రెండో రోజు ఉదయం, గొడుగు, ఒక కొలత టేపు పట్టుకుని, అమ్మేవారికి చెప్పకుండా వెళ్లి చూడండి. నీరు ఎక్కడ నిలిచి ఉందో ఫోనులో ఫొటో తీసి, లోతు కొలిచి, తేదీ రాసుకుని మాకు తెచ్చి ఇవ్వండి. మా పని అక్కడి నుంచే మొదలుపెడతాం.